గోడ నుంచి గట్టు దాకా తిప్పతీగ

హిమాయత్‌నగర్‌లో అడవిమొక్క కోసం తిరిగేవాళ్లు తల పైకెత్తి నడవాలి. లిబర్టీ చౌరస్తా నుంచి నారాయణగూడ దాకా నేలంతా సిమెంటు, టైల్సు, బండ్ల పార్కింగు. మట్టి కంటబడేది చెట్టు మొదట్లో జానెడు మేరే. ఆ జానెడులోంచి వేలెడు లావు తీగ ఒకటి లేచి, వేపచెట్టును చుట్టుకుంటూ మూడో అంతస్తు బాల్కనీ దాకా ఎక్కి, కేబుల్ వైర్ల మీదుగా ఎదురింటి ప్రహరీ మీదికి దిగుతుంది. ఆకు ఒక చోట, మొదలు ఇంకో చోట. రెండూ ఒకే మొక్కవని తేల్చుకోవాలంటే తీగ వెంట సందు మలుపు దాకా నడవాల్సిందే.

తిప్పతీగ పేరు వినని తెలుగిల్లు ఉండదు. చెట్టు మీద చూపించి పోల్చమంటే మాత్రం చాలామంది తడబడతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆషాఢంలో ఆకుల గుబురుగా ఉన్న తీగ మాఘం వచ్చేసరికి బోసిగా వేలాడుతుంది. పువ్వు పూసే రోజుల్లో ఆకుండదు, ఆకు నిండుగా ఉన్న రోజుల్లో పువ్వుండదు. మగ తీగకు కాయ అసలే కాయదు. ఏడాది పొడుగునా ఒకే గోడ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లకే ఇది పూర్తిగా పరిచయమవుతుంది.

అలా వెళ్లే ఒకాయన నారాయణగూడ వాసి, ఇంటర్మీడియెట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. ఆయన పాఠాలు చెప్పిన పుస్తకాలు వెలువడింది కూడా ఈ పేట నుంచే. 1968లో పి.వి. నరసింహారావు తొలి అధ్యక్షుడిగా ఏర్పడిన తెలుగు అకాడమీ హిమాయత్‌నగర్‌లోనే ఉంది. ఆకుల అమరిక, ఈనెల వ్యాపనం, ఏకలింగ పుష్పాలు వంటి మాటలు తెలుగు మీడియం పిల్లల నోట పలికాయంటే ఆ పుస్తకాల చలవే. బొమ్మలో ఉన్న ఆకు గోడ మీద కనబడినప్పుడు కలిగే ఉత్సాహం ఆయనకు రిటైరయ్యాక కూడా తగ్గలేదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకు ఆజం జా అసలు పేరు హిమాయత్ అలీ ఖాన్. పేటకూ, ఊరి అంచున ఉన్న హిమాయత్‌సాగర్‌కూ పెట్టింది ఆ పేరే. ఒకప్పుడు పెద్ద ఆవరణల ఇళ్లున్న ఈ పేటలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, బట్టల షాపులు, ఆస్పత్రులు, కోచింగ్ సెంటర్లు. అయినా పాత ప్రహరీలు అక్కడక్కడా మిగిలాయి. గోడలోపలి ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేలోగా దొరికే ఖాళీలో పిచ్చిమొక్కలు రాజ్యమేలతాయి. పల్లెలో కంచె చేసే పనిని పట్నంలో ఈ గోడలు చేస్తున్నాయి. ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్లు పోయనివి పైకెక్కడానికి ఆసరా ఇస్తున్నాయి.

నగరానికి వానలు దిగేది జూన్‌లో. నాలుగు జల్లులకే గోడల రంగు మారిపోతుంది. లెక్చరర్ నడక లిబర్టీ దగ్గర మొదలై, హిమాయత్‌నగర్ సందుల్లో వంకర్లు తిరిగి, హైదర్‌గూడ మీదుగా బషీర్‌బాగ్ చేరి, ఓపికను బట్టి ఆబిడ్స్‌కో నాంపల్లికో మళ్లుతుంది. జులైలో ఆ దారంతా హృదయాకారపు ఆకులే. తిప్పతీగను మొదటిసారి వెతకబోయేవాళ్లు ఎంచుకోకూడని నెల ఏదైనా ఉంటే అది జులై.

ముందుగా మోసం చేసేది మనీప్లాంట్. సీసాలో పెట్టుకునే చిన్న మొక్కగా ఇంట్లోకి వచ్చి, పెరట్లో చెట్టు దొరికిందంటే మొదలంతా కప్పేస్తుంది. అప్పుడు ఆకు చేటంత పెరుగుతుంది. దాని పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని ఫ్రెంచ్ పాలినేషియా దీవులు. ఆకు మందంగా మెరుస్తూ, చాలాసార్లు పసుపు చారలతో ఉంటుంది. కణుపుల దగ్గరి వేళ్లు బెరడుకు అతుక్కుని పైకి పాకుతాయి. తిప్పతీగ వేళ్లు అలా అతుక్కోవు, సన్నని దారాలుగా గాలిలోకి జారి నేల కోసం వేలాడతాయి. ఆ తర్వాతిది మెక్సికో నుంచి వచ్చిన కోరల్ క్రీపర్. గేట్ల మీద గులాబీ రంగు గుత్తులు విరగబూసినప్పుడు దాన్ని ఎవరూ పొరబడరు. పూలు లేని వారాల్లో మాత్రం ఆకు చూసి బోల్తా పడతారు. అంచు అలలు తేలి, పైతలం ముడతలు పడి ఉండడం దాని గుర్తు. పూగుత్తి కొసన నులితీగలు కూడా ఉంటాయి.

నులితీగ ఉందా లేదా అన్నది లెక్చరర్ వేసుకునే మొదటి ప్రశ్న. హిమాయత్‌నగర్ గోడల మీద పాకే వాటిలో కాకిదొండ, లింగదొండ, బుడ్డకాకర వంటివన్నీ సన్నని నులితీగలు చాచి, దొరికిన కమ్మీనల్లా పట్టుకుంటాయి. వాన పడ్డ పొద్దున కాకిదొండ తెల్లటి పూలు గోడ నిండా విచ్చుకుంటాయి. లింగదొండకు గోలీ కాయంత పండ్లు, పండాక ఎరుపు మీద తెల్లని చారలు. ఇవి ఎంత అల్లుకుపోయినా తిప్పతీగ అని భ్రమపడాల్సిన పని లేదు. తిప్పతీగకు నులితీగ ఉండదు. కాండమే ఆసరా చుట్టూ తిరుగుతూ ఎక్కుతుంది.

రెండో ప్రశ్న, గిల్లితే పాలొస్తాయా అని. ఇక్కడ ఎదురయ్యే మొక్క దుష్టపు తీగ. ఖాళీ ప్లాట్ల కంచెల మీద, పాత షెడ్ల ఇనుప జాలీల మీద ఇది లేని చోటు తక్కువ. ఆకు హృదయాకారమే, పరిమాణం కూడా తిప్పతీగ లేతాకుతో సరిసమానం. అయితే ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉంటాయి. తిప్పతీగకు కణుపుకు ఒకటే ఆకు, ఒకటి ఇటైతే తర్వాతిది అటు. దుష్టపు తీగ ఆకు తుంచగానే తెల్లని పాలు చిమ్ముతాయి, ఒంటికి తగిలితే కొందరికి మంట పుడుతుంది. నలిపితే వాసన కడుపులో తిప్పుతుంది. కాయలు జంటగా వస్తాయి, ఒంటి నిండా మెత్తని ముళ్లు, ఎండి పగిలితే జిల్లేడు దూది వంటిదే ఎగిరిపోతుంది. జిల్లేడు బంధువే మరి. ఇంత స్పష్టమైన తేడాలున్నా దీన్ని తిప్పతీగ అనుకుని కోసుకెళ్లేవాళ్లున్నారంటే, ఆకు రూపు ఒక్కటే చూసి ఆగిపోవడం వల్లే.

దూసరితీగ అసలైన చుట్టం. ఇద్దరిదీ మెనిస్పెర్మేసీ కుటుంబం. దూసరి ఆకు చిన్నది, రెండు వైపులా నూగు. గుప్పెడు ఆకులు నీళ్లలో పిసికి, పిప్పి తీసేసి గిన్నెలో పెడితే కాసేపటికి ఆ పచ్చని నీళ్లు గడ్డకట్టి జెల్లీ అయిపోతాయి. పల్లెల్లో పిల్లలకు ఇది ఆట. లెక్చరర్ ఈ ప్రయోగాన్ని ల్యాబ్‌లో చేసి చూపిస్తే, వెనక బెంచీలో నిద్రపోయేవాళ్లు కూడా లేచి ముందుకొచ్చేవారట. తిప్పతీగకు మరో దగ్గరి బంధువు కూడా దక్షిణాదిలో ఉంది. పేరు టినోస్పోరా సైనెన్సిస్. దాని ఆకు అడుగున నూగు ఉంటుంది. తిప్పతీగ ఆకు రెండు పక్కలా నున్నగా ఉంటుంది. వేలు ఒకసారి ఆకు అడుగున రాస్తే తేలిపోయే తేడా.

ఇక తిప్పతీగ ఆకు. పైన లేతాకుపచ్చ, అడుగున కొంచెం పాలిపోయిన రంగు. మొదట్లోంచి ఏడో తొమ్మిదో ఈనెలు విచ్చుకుంటాయి. చూడాల్సింది కాడను. పొడవాటి ఆ కాడ రెండు కొసల్లోనూ, కాండానికి అంటుకున్న చోటా, ఆకుకు అంటుకున్న చోటా, ఉబ్బి ఉంటుంది. కింది ఉబ్బు దగ్గర కాడ కాస్త మెలి తిరుగుతుంది. ఆకు వెలుతురు వైపు మొహం తిప్పుకునేది ఈ మెలితోనే. నీడలో ఉన్న గోడ మీద ఆకులన్నీ ఒకే వైపు చూస్తూ ఉండడానికి కారణమిదే. పుస్తకాల్లో ఒక్క ముక్కలో దాటేసే సంగతి ఇది. గోడ దగ్గర నిలబడి నాలుగు ఆకుల కాడలు వరసగా తడిమితే మాత్రం ఇక మరిచిపోలేరు.

చలికాలం ముదిరే కొద్దీ ఆకు పసుపుబారుతుంది. అడుగున మురుగు తడి తగిలే తీగలు కొన్నాళ్లు మొండికేస్తాయి, రాతిగోడ నెర్రెలో పుట్టినవి ముందే రాల్చేస్తాయి. సంక్రాంతి దాటాక హిమాయత్‌నగర్ వేపచెట్ల మీద మిగిలేది బోసి కాండాలే. చాలామంది ఎండిపోయిందనుకుని తీగను లాగి పారేసేది అప్పుడే. నిజానికి కాండం గుర్తులు చూడడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. ముదురు కాండం మీద పలచని గోధుమరంగు పొర, గోటితో గీరితే లేచొస్తుంది. దాని కింద పచ్చదనం. అడ్డంగా కోస్తే ఎడ్లబండి చక్రం: నడుమ నుంచి అంచుకు ఆకులు వేసినట్టు చెక్క ముక్కలు, వాటి మధ్య మెత్తని ఖాళీలు. ఈ చక్రం కనబడితే చేతిలో ఉన్నది ఈ కుటుంబపు తీగేనన్న ధీమా వస్తుంది. ఏ తీగ అన్నది ఇంకా మిగిలే ఉంటుంది.

ఆ మిగిలిన ప్రశ్నే 2020 తర్వాత పెద్దదైంది. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి పేరుతో తిప్పతీగ కషాయం ఇంటింటికీ చేరింది. హైదర్‌గూడలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఆ రోజుల సంగతి లెక్చరర్‌కు చెప్పాడు.

“గది తిప్పతీగెనే సార్. కరోనాల పొద్దు పొద్దున్నే వచ్చి కోస్కపోయేటోళ్లు. కార్లల్ల గూడ వచ్చిన్రు. మోడు మిగిలింది, మల్ల చిగురేసింది.”

“పక్కనున్న దుష్టపు తీగను కూడా కోసుకుపోయారా?”

“గవన్నీ ఎవరు జూస్తరు సార్? పచ్చగుంటె సాలు.”

2020 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్య ముంబైలో ఆరుగురు రోగుల్లో కాలేయం దెబ్బతినడాన్ని వైద్యులు గమనించారు. అందరూ తిప్పతీగ వాడినవాళ్లే. ఈ సంగతి 2021లో వైద్య పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాది, దేశంలోని 13 కేంద్రాల్లో చూసిన 43 మంది రోగుల వివరాలతో ఇంకో అధ్యయనం వెలువడింది. అందులో హైదరాబాద్ వైద్యులూ ఉన్నారు. శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసే స్వభావం లోపల దాగి ఉన్నవాళ్లలో ఈ తీగ దాన్ని బయటపెట్టవచ్చన్నది వాళ్ల హెచ్చరిక. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా వంటి తీగలను పొరపాటున వాడితే ప్రమాదమనీ 2022 ఫిబ్రవరిలో ప్రకటన ఇచ్చింది. రెండు పక్షాల వాదన ఇంకా ఒక కొలిక్కి రాలేదు. అయితే ఎవరి వాదన నిజమైనా, గోడ మీద కోసిన తీగ ఏదో తెలియకుండా మరిగించి తాగడం మంచిది కాదని చెప్పడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. కాలేయ జబ్బున్నవాళ్లు డాక్టరును అడక్కుండా అసలు తీగను కూడా ముట్టుకోకపోవడమే మేలు.

ఆయుష్ ప్రకటనలో ఒక పట్టిక ఉంది. మన తీగ కాండం పచ్చటిది, బొడిపెలు ఉండవు, పాలు రావు. క్రిస్పా కాండం బూడిదరంగు, ఒళ్లంతా బొడిపెలు, పాలు కారతాయి. మన తీగ పువ్వుకు ఆరు రేకులు, దానికి మూడు. మన తీగ పండు గుండ్రం, ఎరుపు. దాని పండు కోల, నారింజ రంగు. లెక్చరర్ ఈ పట్టికను సంచిలో పెట్టుకు తిరుగుతాడు. దాని అంచున పెన్సిల్‌తో నెలలు రాసుకున్నాడు. పట్టికలో అన్ని గుర్తులూ పక్కపక్కనే ఉన్నాయి, గోడ మీద మాత్రం ఒక్కో గుర్తు ఒక్కో కాలంలో దొరుకుతుంది. కాండం ఏడాదంతా ఉంటుంది. రేకులు లెక్కపెట్టాలంటే ఎండాకాలం రావాలి. పండు రంగు తెలియాలంటే అది ఆడ తీగ కూడా అయి ఉండాలి.

కాండం విషయంలోనూ తొందర పనికిరాదు. తిప్పతీగ మీద కూడా చిన్న చిన్న తెల్లని చుక్కలు పైకి తేలి ఉంటాయి. కాండం గాలి పీల్చే రంధ్రాలవి. వేలితో తడిమితే కాస్త గరుకుగా తగులుతాయి. బొడిపెలంటే ఇవేననుకుని అసలు తీగను పారేసినవాళ్లున్నారు. క్రిస్పా బొడిపెలు మొద్దుగా, ఎత్తుగా, ఒత్తుగా ఉంటాయి, దూరం నుంచే కనిపిస్తాయి. అది మన కంచెల్లో తనంతట తాను మొలిచే మొక్క కాదు. ఈశాన్య భారతం నుంచి ఆగ్నేయాసియా దాకా దాని సొంత నేల. మన పెరళ్లకు వస్తే కుండీలో రావాలి. కాబట్టి హిమాయత్‌నగర్ గోడ మీద అడవిగా పాకిన తీగ కన్నా, ఎవరో బహుమతిగా ఇచ్చిన కొమ్మ మీదే ఎక్కువ అనుమానం ఉండాలి.

మార్చి ఎండలు మొదలయ్యాక అసలు కార్యక్రమం. బోసి కొమ్మల కణుపుల్లోంచి సన్నని గెలలు దిగుతాయి. పువ్వు ఆవగింజ కన్నా కాస్త పెద్దది, పసుపు కలిసిన పచ్చ రంగు. అది పువ్వని తెలియక దాటిపోయేవాళ్లే ఎక్కువ. భూతద్దం పెట్టి చూస్తే బయట చిన్నవి మూడు, లోపల పెద్దవి మూడు రక్షకపత్రాలు, వాటి లోపల ఇంకా చిన్నవైన ఆరు రేకులు. మగ తీగ మీద పూలు గుంపులు గుంపులుగా, ఒక్కోదాంట్లో ఆరు కేసరాలు. ఆడ తీగ మీద పూలు విడివిడిగా, నడుమ మూడు పచ్చని అండకోశపు ముక్కలు. అవే కాయలవుతాయి. హైదర్‌గూడ వేప మీది తీగ కిందికి వేలాడి ప్రహరీ అంచున పూసిన ఏడాది, లెక్చరర్ అరగంట సేపు ఒక గెల ముందు నిలబడిపోయాడు. ఆయన్ను చూసి ఆగిన కాలేజీ పిల్లలకు భూతద్దం చేతికిచ్చి రేకులు లెక్కపెట్టించాడు. ఆరు తేలాయి. అది మగ తీగ.

కాయలు మొదట పచ్చగా, ఒక తొడిమకు ఒకటో రెండో మూడో. పండితే బఠాణీ గింజంత ఎర్రటి పండ్లు, మిలమిల మెరుస్తాయి. పిగిలిపిట్టలు వాటిని వదలవు. గోడల మీద, చెట్టు తొర్రల్లో తిప్పతీగ మొలవడంలో పిట్టల వాటా ఉంది. గింజ వంగి చంద్రవంక ఆకారంలో ఉంటుంది, ఈ కుటుంబంలో చాలావాటికి ఉన్న పోలిక అది.

ఇలాంటి తీగే ఇంగ్లండు పొలాల కంచెల్లోనూ ఉంది, పేరు బ్లాక్ బ్రయొనీ. ఆకు హృదయాకారం, నులితీగ లేదు, ఆడ మగ తీగలు వేరు, శరదృతువులో ఆకులు రాలాక ఎర్రటి పండ్ల దండలు. అక్షరాలా తిప్పతీగ వర్ణనే. అయితే అది మన పెండలం కుటుంబంలోది, తింటే విషం. అక్కడి కంచెల్లోనే పాకే వైట్ బ్రయొనీ మన దొండ కుటుంబంలోది, దానికి నులితీగలున్నాయి, అదీ విషమే. ఎర్రటి పండు, గుండ్రటి ఆకు చూసి చనువు తీసుకోకూడదని అక్కడి పిల్లలకూ చిన్నప్పుడే చెబుతారు.

శాస్త్రజ్ఞులకూ ఈ తీగ ఒక్క చూపులో లొంగలేదు. తెలుగు నేల మొక్కల మీద తొలి గొప్ప కృషి సామర్లకోటలో జరిగింది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి అక్కడ ఉండి, తెలుగువాళ్లు పిలిచే పేర్లతో సహా మొక్కలను నమోదు చేశాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లాడు. తిప్పతీగకు 1806లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు విల్డెనోవ్ శాస్త్రీయనామం పెట్టాడు, తర్వాత టినోస్పోరా ప్రజాతిలోకి మార్చారు. ఎండబెట్టి అట్టకు అంటించిన నమూనాలో ఆకుంటే పువ్వుండదు, పువ్వుంటే ఆకుండదు. కాయ కావాలంటే ఇంకో మొక్క దగ్గరికి పోవాలి. హెర్బేరియంలో ఈ తీగను సరిగ్గా భద్రపరచాలంటే సేకరించేవాడు కాలం మారినప్పుడల్లా అదే చోటికి తిరిగి రావాలి. ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లో లెక్చరర్ వెతికేది ఇలాంటి నమూనాల బొమ్మలున్న వృక్షశాస్త్ర గ్రంథాల కోసమే.

ఆబిడ్స్ నుంచి 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ దాటి బేగంబజార్‌లోకి దిగితే తీగ మరో రూపంలో ఎదురవుతుంది. మూలికల కొట్ల ముందు బస్తాల్లో ఎండు ముక్కలు, హిందీ పేరుతో గిలోయ్ అంటేనే చూపిస్తారు. ఎండాక పచ్చదనం పోతుంది, పొర రాలిపోతుంది, ఆకు ఊసే లేదు. మిగిలే ఆధారం కోత ముఖం. ముక్క తిప్పి చూస్తే చక్రం కనబడాలి. కనబడినా కుటుంబం వరకే తెలుస్తుంది. మూలికలు కొనేవాళ్లంతా నమ్మకం మీదే కొంటున్నారని ఆ బస్తాల ముందు నిలబడితే బాగా తెలుస్తుంది. ఇక్కడే తిప్పసత్తు కూడా దొరుకుతుంది. పచ్చి కాండాన్ని దంచి, నీళ్లలో నానబెట్టి, పిసికి వడగడితే అడుగున పేరుకునే తెల్లని పిండి అది. యునానీ వైద్యంలోనూ దీనికి పెద్ద పేరుంది. వేప మీద పాకిన తీగకే గుణం ఎక్కువని పాత వైద్యుల నమ్మకం. హిమాయత్‌నగర్‌లో వేపలే ఎక్కువ కాబట్టి కరోనా రోజుల్లో ఆ చెట్లకు అంత గిరాకీ వచ్చింది.

ఇదే తీగను పీకి తగలబెట్టాలనేవాళ్లను చూడాలంటే నల్లగొండ వెళ్లాలి. లెక్చరర్ బావమరిది అక్కడ బత్తాయి రైతు. వానాకాలంలో ఒకరోజు 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్, చిట్యాల దాటి, నార్కెట్‌పల్లి దగ్గర మలుపు తిరిగి, సాయంత్రానికి లెక్చరర్ ఆ తోటకు చేరాడు. తోట చుట్టూ గట్లు, గట్ల మీద తుమ్మ, వేప, వాటిని ముసురుకుని తీగలు.

“బావా, పట్నంల దీని కోసం గోడలెంబడి తిరుగుతున్నవంట గదా. మా గట్లకొస్తే బండికెత్తుకపోదువు,” అన్నాడు బావమరిది.

“నువ్వెందుకు పీకిస్తున్నావో అది చూద్దామనే వచ్చాను.”

కారణం ఒక రెక్కల పురుగు. బత్తాయి కాయ రంగు తిరిగే వేళకు, చీకటి పడ్డాక బయటి నుంచి ఎగిరొచ్చి గట్టి తొండాన్ని తొక్కలో గుచ్చి రసం పీల్చేస్తుంది. గుచ్చిన చోట బూజు చేరి కాయ మెత్తబడి రాలిపోతుంది. పగలు తోటంతా గాలించినా పురుగు కనబడదు. ముందు రెక్కలు అచ్చం ఎండుటాకు రంగు, ముడుచుకుని కూచుంటే ఆకుల్లో కలిసిపోతుంది. రెక్క విప్పితే లోపల నారింజ పసుపు, దాని మీద నల్లని మచ్చ. యుడోసిమా అనే ప్రజాతికి చెందిన ఈ రెక్కల పురుగుల పిల్ల దశకు బత్తాయితో పని లేదు. వాటికి ప్రధాన తిండి తిప్పతీగ, దూసరితీగ కుటుంబపు ఆకులే. అంటే తోటలో కాయను పాడుచేసే శత్రువు పెరిగేది తోట గట్టు మీది తీగ మీద. తోటల చుట్టూ ఈ రెండు తీగలనూ తీసేయమని ఉద్యాన శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. బెల్లం, మలాథియాన్ కలిపిన ఎరలు పెట్టడం, సాయంత్రం పొగ వేయడం, కాయలకు సంచులు తొడగడం కూడా వాళ్లు చెప్పే ఉపాయాలే.

టార్చి వెలుగులో ఆకులు తిరగేస్తూ పోతే ఒక గొంగళి దొరికింది. వేలంత పొడవు, ముదురు రంగు, పక్కన రెండేసి గుండ్రటి మచ్చలు, కళ్లున్నట్టే అనిపిస్తాయి. కొమ్మ కదిలించగానే తల కిందికి ముడిచి, తోక పైకెత్తి బిగుసుకుపోయింది. అలా ముడుచుకున్నప్పుడు ఆ మచ్చలు ఎదుటివాడి వైపు తిరుగుతాయి. లెక్చరర్ దాన్ని చాలాసేపు చూశాడు. బావమరిది దాన్ని ఆకుతో సహా తుంచి కాలి కింద వేశాడు. ఇద్దరికీ న్యాయమే.

గట్టు మీద కూలీలు పీకిన కుప్పను తెల్లవారి చూస్తే, అందులో కాకిదొండ ఉంది, దుష్టపు తీగ బోలెడంత ఉంది, తిప్పతీగ ఉన్నది కొంచెమే. పక్క గట్టు మీద దూసరితీగ తాకకుండా అలాగే ఉంది. దుష్టపు తీగను పీకితే రసం పీల్చే పురుగుకు వచ్చే నష్టమేమీ లేదు. పైగా ఆ ఆకుల మీద బతికే సీతాకోకచిలుకల పిల్లలు పోతాయి. లెక్చరర్ కూలీలను కూర్చోబెట్టి నాలుగు కొమ్మలు చేతికిచ్చాడు. పాలొస్తే వదిలేయండి, నులితీగుంటే వదిలేయండి, ఆకు కాడ రెండు కొసలా ఉబ్బి ఉంటే తీసేయండి, చిన్నాకు నూగుగా ఉంటే అదీ తీసేయండి. అందరికన్నా ముందు పట్టేసింది ఒక పెద్దావిడ. దూసరాకును చేత్తో నలిపి, “గిది నీళ్లల్ల గడ్డకడ్తది గద సారూ, చిన్నప్పుడు ఆడుకుంటుంటిమి,” అంది.

మొదలు నరికి, పైభాగాన్ని చెట్టు మీదే వదిలేయడం ఇంకో చిక్కు. కండ పట్టిన కాండంలో నీరు, పిండి దాచుకుని ఉంటుంది గనుక తిప్పతీగ కొన్ని వారాల పాటు చావదు. పైనుంచి సన్నని వేళ్లు దింపుతుంది, ఒక్కటి నేల తాకితే చాలు, మళ్లీ లావెక్కుతుంది. బావమరిది ఏటా కోయిస్తున్నా గట్ల మీద తీగ తరగకపోవడానికి కారణం అదే. ఈసారి కోసిన తీగలను చెట్ల మీది నుంచి కిందికి లాగించి, గట్టుకు దూరంగా బండల మీద ఎండేశారు. ఆకు రాలాక ఏ చెట్టు మీద ఎన్ని మిగిలాయో, అందులో ఆడవెన్నో చూడడానికి మార్చిలో వస్తానన్నాడు లెక్చరర్.

“మార్చిల గాదు బావా, ఏప్రిల్ల రా. అప్పటికి పండ్లు గూడ ఎర్రబడ్తయ్. పండున్న తీగెలు ముందుగాల తీపిస్త, పిట్టలు మల్ల గింజలు ఏసుడన్న ఆగుతది.”